ఫెయిర్ కాపీ బాలమణి

బాలమణికి సున్నా వేసింది నేనే. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడను. పాతికేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, కాపీ కనబడితే నాకు ఒళ్లు మండుతుంది.

తొంభైల్లో సంగతి. వెంగళరావు నగర్‌లో ఉంటూ ఆదివారాలు ఒక దూరవిద్య కేంద్రంలో బీఏ వాళ్లకు చరిత్ర చెప్పేదాన్ని. బాలమణిది ఆఖరి సంవత్సరం, వయసు ముప్ఫై ఎనిమిది. మోతీనగర్ నుంచి రెండు బస్సులు మారి ఫిలింనగర్‌లో ఒక సినిమా రచయిత ఆఫీసుకు వెళ్లేది. అక్కడ ఆమె పని ఫెయిర్ కాపీ రాయడం. నలుగురు కూర్చుని తలా ఒక డైలాగు చెబుతుంటే, కొట్టివేతలతో నిండిపోయిన ఆ కాగితాలను షూటింగ్‌కు పనికొచ్చేలా చక్కటి దస్తూరితో తిరగరాయాలి.

మీకు తెలిసిన ఒక ప్రాంతం ఎలా మారిందో వ్యాసం రాయమంటే, తను పనిచేసే జూబ్లీ హిల్స్ గురించి ఇరవై పేజీలు రాసింది. మూడో పేజీలోనే నాకు అనుమానం వచ్చింది. ఆ వాక్యాలు మా గ్రంథాలయంలోని ఒక పుస్తకంలోవి. రచయిత పేరు లేదు, పేజీ నంబరు లేదు, కనీసం కొటేషన్ గుర్తులైనా లేవు. సున్నా చుట్టి, కింద "ఇవి ఎవరి మాటలు?" అని రాశాను.

ఆదివారం క్లాసయ్యాక వచ్చి ఎదురుగా నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మేడం, నేను దొంగతనం చెయ్యలే. మా ఆఫీసుల గిట్లనే రాస్తం. ఏ మాట ఎవరు చెప్పిండ్రో ఫెయిర్ కాపీల ఉండొద్దు. మొదట్ల ఒకసారి పేర్లు రాస్తే సార్ చింపి పారేసిండు. పద్దెనిమిదేండ్ల సంది పేర్లు తీసేసుడే నా పని."

నా కోపం సగం దిగింది. సగమే.

"ఇక్కడ పేర్లు ఉంచడమే పని," అన్నాను. "పది రోజులు టైమిస్తాను. ఏది ఎక్కడిదో చూపించకపోతే ఫెయిలే."

ఫెయిలైతే ఏం పోతుందో ఇద్దరికీ తెలుసు. జూన్‌లోపు డిగ్రీ చూపిస్తే ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం ఇస్తామని ఆమెకు మాటిచ్చారు.

"పది దినాలు చాలు మేడం," అంది.

పట్టుపట్టింది. పొద్దున్నే లైబ్రరీ తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉండేదట. పుస్తకంలోంచి తీసుకున్నవి ఏడు చోట్ల, పత్రికల్లోంచి తీసుకున్నవి నాలుగు చోట్ల అని తేల్చింది. ఎనిమిదో రోజు మా ఇంటికొచ్చి, మిగిలిన ఐదు పేజీలు నా ముందు పెట్టింది. ఆ గుట్టల మీద బండలు పగలగొట్టి రోడ్లు వేసిన కూలీల సంగతి అది. వ్యాసం మొత్తంలో ప్రాణమున్న భాగం అదే.

"ఇదెక్కడిది?"

"మా అమ్మ రాజమ్మ చెప్పింది. ఆ బండలు కొట్టింది ఆమెనే."

"అమ్మ చెప్పింది ఆధారం ఎలా అవుతుంది? తీసెయ్."

"తియ్య మేడం." గొంతు పెంచలేదు. "ఆ పుస్తకం రాసినాయన కూడా ఎవరినో ఒకరిని అడిగే రాసి ఉంటడు కద. ఇన్నేండ్లు అందరి పేర్లు తీసేసిన. మా అమ్మ పేరు మాత్రం తియ్య."

నాకు చురుక్కుమంది. లోపలికెళ్లి నియమాల పుస్తకం తెచ్చి చూశాను. ఒక మనిషిని అడిగి తెలుసుకున్నది కూడా ఆధారమే. ఎవరు, ఎక్కడ, ఏ తేదీన చెప్పారో రాయాలి, అంతే. పొరపాటు నాదేనని ఒప్పుకుని, రాసిందంతా ఒకసారి అమ్మకు చదివి వినిపించి సరిచూసుకోమన్నాను.

పదో రోజు వ్యాసం తెచ్చింది. చివర్న ఆధారాల జాబితా ఉంది. పుస్తకం, పత్రికలు, ఆ తర్వాత రాజమ్మ, మోతీనగర్, తేదీ. దాని కింద ఇంకో పేరు.

"ఈ భిక్షం ఎవరు?"

"అమ్మకు చదివి ఇనిపించిన మేడం. బండకు పేలుడు మందు పెట్టి అంటిస్తే ముందుగాల పిట్టలు లేస్తయి, పిట్టలు లేస్తే ఉరుకాలె అని ఉన్నది చూడుండ్రి, గాడ ఆపింది. 'ఆ మాట నాది కాదు బిడ్డా. పనికి పోయిన మొదటి దినం భిక్షం చెప్పిండు. ఆ మాట ఇన్నందుకే బతికిన. ఆయన పేరు రాయకుంటే నా పేరు గూడ తీసెయ్' అన్నది."

రాజమ్మకు సంతకం పెట్టడం కూడా రాదు. నేను ఏళ్ల తరబడి చెబుతున్న పాఠం ఆమెకు ఎవరూ చెప్పలేదు. జాబితాలో చివరి వరుస మళ్లీ చదివాను.

"భిక్షం. ఇంటిపేరు తెలియదు. ఊరు తెలియదు. జూబ్లీ హిల్స్ బండల దగ్గర రాజమ్మకు చెప్పాడు."

తేదీ లేదు కాబట్టి నియమం ప్రకారం ఒక మార్కు తగ్గించాలి. తగ్గించలేదు.