చిటికెన వేలి సర్టిఫికెట్

1979 జూలైలో నన్ను కొత్తపేట తాలూకాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మెడికల్ ఆఫీసరుగా వేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పేరు వినడానికి ఘనంగా ఉంటుంది కానీ ప్రభుత్వ వైద్యుల వరసలో అంతకంటే కిందిది లేదు. ఊరి పేరు రాయను. నేను చెప్పబోయే సంగతి మీద ఆ ఊళ్ళో ఇంకా వాదనలు నడుస్తున్నాయని ఈమధ్య ఒక పెళ్ళిలో కలిసినవాళ్ళు చెప్పారు.

నాది అనంతపురం వైపు. గోదావరి మాట నాకు అలవాటు కావడానికి ఆర్నెల్లు పట్టింది. ఇద్దరు మనుషులు కొట్టుకునేదాకా వచ్చి కూడా ఒకరినొకరు ‘అండీ’ అనుకోవడం నేను అక్కడే చూశాను. ఆసుపత్రిలో నేను, ఒక నర్సు, కాంపౌండరు వీర్రాజు. మందులు కలపడం, కట్లు కట్టడం, ఓపీ చీటీలు రాయడం, ఊరి కబుర్లు నాకు చేరవేయడం అన్నీ వీర్రాజు పనే. ఎక్స్-రే తీయించాలంటే రోగిని అమలాపురం బస్సెక్కించాలి.

ఆ ఊరికి వాలీబాల్ పిచ్చి. పిచ్చి అన్న మాట ఒక వైద్యురాలు ఊరికే వాడదు, తెలిసే వాడుతున్నాను. ఏటా మాఘమాసంలో చుట్టుపక్కల ఊళ్ళ జట్లన్నీ పోటీ పడేవి. మా ఊరి జట్టుకి తర్ఫీదు ఇచ్చేది హైస్కూలు డ్రిల్లు మాస్టారు దేవదానంగారు. సన్నగా పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటులో ఉండేవారు. పదకొండేళ్ళుగా ఆ ఊళ్ళోనే పనిచేస్తున్నారు. 1981లో పోటీలు మొదలైన వారానికి ఆయనకి ప్రమోషను మీద బదిలీ వచ్చింది. ఫైనలు ఆదివారమైతే, సోమవారం పొద్దున్న ఆయన ఊరు విడిచి వెళ్ళాలి. జట్టు ఫైనలుకి చేరింది. సరిగ్గా ఆ సమయంలో సత్తిబాబు వేలు విరిగింది.

సత్తిబాబు ఊరి టైలరు, జట్టులో లిఫ్టరు. లిఫ్టరంటే ఏమిటో వీర్రాజు ఓపీ మధ్యలో దూది ఉండను బంతిగా పట్టుకుని నాకు నేర్పాడు. అవతలి నుంచి వచ్చిన బంతిని వెనకవాళ్ళు అందుకుని ఇతనికిస్తారు. ఇతను పది వేళ్ళతో దాన్ని నెట్టు పక్కన గాల్లోకి లేపుతాడు. ఎగిరి కొట్టేవాడు కొడతాడు. జనం కొట్టినవాడికి చప్పట్లు కొడతారు గానీ, ఎవరికి లేపాలి, ఎంత ఎత్తున లేపాలి అన్నది లిఫ్టరు నిర్ణయం. ఫైనలుకి పది రోజుల ముందు సత్తిబాబు కుట్టుమిషను లోపలికి మోసుకెళుతుంటే, గడపకీ మిషనుకీ మధ్య ఎడమచేతి చిటికెన వేలు పడింది.

ఎక్స్-రేలో మొదటి ఎముక మీద వెంట్రుకంత చీలిక కనిపించింది. ముక్కలు కదల్లేదు. ఇలాంటివాటికి చిటికెన వేలిని పక్క వేలికి కలిపి కట్టేస్తాం. మంచి వేలే బద్దలాగా పనిచేస్తుంది. మూడు నాలుగు వారాలు ఆ చేత్తో ఏమీ చెయ్యొద్దన్నాను. సత్తిబాబు తలూపాడు. బయట వరండాలో అప్పటికే పాతికమంది ఉన్నారు.

మర్నాటి నుంచి ఓపీ రెట్టింపైంది. వచ్చిన ప్రతివాడికీ చిటికెన వేలు నొప్పే. చూస్తే వేలు శుభ్రంగా ఉండేది. “నాక్కాదనుకోండి, మాటవరసకి ఎవరికైనా ఈ ఏలే ఇరిగిందనుకోండి, ఎన్నాళ్ళకి బంతి ఎత్తొచ్చంటారండీ?” అని అడిగేవారు. రోగి సంగతులు మరొకరికి చెప్పకూడదన్నది మా వృత్తి నియమం. నేను నోరు విప్పకపోయేసరికి, వేలు తీసేయాల్సి వస్తుందేమోనన్న పుకారు సాయంత్రానికల్లా కపిలేశ్వరపురం దాటింది.

ఫైనలుకి ఐదు రోజుల ముందు, మంగళవారం, దేవదానం మాస్టారు జట్టును ప్రకటించారు. లిఫ్టరు సత్తిబాబే.

ఊరు రెండుగా చీలింది. సత్తిబాబు లేకపోతే ఆ చోట ఆడాల్సింది రాంబాబు. పంచాయతీ ప్రెసిడెంటుగారి మేనల్లుడు, అమలాపురం కాలేజీలో చదువుతున్నాడు, పందొమ్మిదేళ్ళు. బాగా ఆడతాడని అందరూ ఒప్పుకున్నారు. రాంబాబు పార్టీకి నాయకులు హైస్కూలు తెలుగు పండితులు శాస్త్రిగారు. సత్తిబాబు పార్టీకి మా వీర్రాజు. శాస్త్రిగారికి రక్తపు పోటు. రెండు రోజులకోసారి చూపించుకోడానికి వచ్చేవారు, చూసేది వీర్రాజు. ఆయన చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతూనే వీర్రాజు చర్చ ఎత్తుకునేవాడు.

“ఇది వెళ్ళిపోయే మనిషి నిర్ణయమండీ డాక్టరుగారూ,” అన్నారు శాస్త్రిగారు నాకేసి తిరిగి. “రేపు ఓడేమనుకోండి, ఆయన బస్సులో ఉంటారు. మనం ఊళ్ళో ఉంటాం.”

“ఎల్లిపోయే మనిషి కాబట్టే మొగమాటం లేదండి,” అన్నాడు వీర్రాజు. “ఉండే మనిషైతే పెసిడెంటుగారి మొహం చూసి మేనల్లుణ్ణి ఆటలోకి దింపేసేవోరు. ఆయ్.”

పాదరసం నూట తొంభై దగ్గర నిలబడింది. బీపీ చూస్తున్నంతసేపూ వాలీబాల్ మాట ఎత్తరాదని నేను కాగితం మీద రాసి గోడకి అంటించాల్సి వచ్చింది.

మూడో పార్టీ కూడా ఉండేది, అది ఆడవాళ్ళది. మాఘమాసం పెళ్ళిళ్ళకి ఇచ్చిన జాకెట్టు గుడ్డలు సత్తిబాబు దగ్గర ఇరుక్కుపోయాయి. ఎవరు లిఫ్టరన్నది వాళ్ళకి అనవసరం. ఆ వేలు తొందరగా అతకాలి, అంతే. మా నర్సు ఆ పార్టీలో ఉండేది.

ఫైనలు ముందురోజు, శనివారం, దేవదానం మాస్టారు సత్తిబాబుని వెంటబెట్టుకుని వచ్చారు. దెబ్బ తగిలిన ఆటగాణ్ణి ఆటలోకి దింపాలంటే డాక్టరు సర్టిఫికెట్ కావాలని పోటీల కమిటీ వాళ్ళు మెలిక పెట్టారట. ఇవ్వనని చెప్పాను. మాస్టారు వాదించలేదు. కాసేపు బల్ల మీద ఉన్న ఎక్స్-రే ఫిల్మును చూశారు.

“ఆ రెండు వేళ్ళూ వాడకుండా ఆడితేనోనండీ?” అని అడిగారు. “బంతి ముంజేతుల మీద లేపుతాడు. లేదా కుడిచేత్తో.”

“అలా ఆడగలడా?”

“అంత బాగా ఆడలేడండి. కానీ ఆడగలడు.”

సత్తిబాబుని అడిగాను, నీకంత పట్టుదల ఎందుకని. అతను కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, “కొట్టేవోళ్ళిద్దరికీ బంతి ఎప్పుడు కావాలో ఆళ్ళ నోరు చెప్పదండి, బుజం చెప్పుద్ది. తొమ్మిదేళ్ళ బట్టి ఆ బుజాలే చూత్తన్నానండి,” అన్నాడు.

నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. కచ్చితంగా రాయడమే వైద్యంలో సగం అనుకునేదాన్ని. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం తీసి, సదరు వ్యక్తి ఎడమచేతి చిటికెన వేలికిగానీ, దాని పక్క వేలికిగానీ బంతి తగలని పక్షంలో ఆడవచ్చునని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాను. చాలా బాగా రాశానని అనుకున్నాను కూడా.

ఆదివారం సాయంత్రం కొత్తపేట దగ్గర ఒక కొబ్బరితోటలో ఫైనలు. అవతల గోదావరి మధ్య దిబ్బ మీదున్న లంక ఊరి జట్టు. వాళ్ళు పడవల్లో డప్పులతో దిగారు. నేను ఆట చూద్దామని కాదు, ఆ వేలు ఏమవుతుందోనని వెళ్ళాను. నర్సుతో కలిసి ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను. ఆట ఎంతకీ మొదలుకాలేదు. అంపైరు చుట్టూ గుంపు చేరింది. కాసేపటికి కమిటీ పెద్ద ఒకాయన నా దగ్గరికి వచ్చి, “డాక్టరమ్మగారూ, తమరొక్కసారి అలా రావాలండీ,” అన్నాడు.

లంక ఊరి కెప్టెను నా సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని ఉన్నాడు. దాంట్లో ప్రతి అక్షరం చదివేశాడు. ఆ రెండు వేళ్ళకీ బంతి తగిలితే సర్టిఫికెట్ చెల్లదు కదా, చెల్లకపోతే ఆ బంతి చెల్లుతుందా అని అతని ప్రశ్న. అంపైరు చెమట తుడుచుకుంటున్నాడు. ఇలాంటిది ఆయన పుస్తకంలో లేదు. నాకు తెలిసి ఏ పుస్తకంలోనూ లేదు. చివరికి రెండు జట్లూ ఒక ఒప్పందానికి వచ్చాయి. డాక్టరుగారు నెట్టు పక్కన కుర్చీలో కూర్చుంటారు. ఆ వేళ్ళకి బంతి తగిలినట్టు ఆవిడ చెబితే, ఆ బంతి మళ్ళీ ఆడాలి. దేవదానం మాస్టారు ఒప్పుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు. కుర్చీ మాత్రం వచ్చేసింది.

అలా ఆ సాయంత్రం నేను చిటికెన వేలికి అంపైరునయ్యాను.

సత్తిబాబు మాట నిలబెట్టుకున్నాడు. ఎడమచేతి వేళ్ళు ముడిచి, ముంజేతుల మీద బంతిని లేపుతున్నాడు. మొదటి ఆట లంక ఊరు గెలిచింది. మా వైపు నుంచి శాస్త్రిగారి గొంతు పైకి లేచింది. రెండో ఆట మేం గెలిచాం. అప్పుడు వీర్రాజు గొంతు. మూడో ఆట ఎలా నడిచిందో నేను చెప్పలేను. దాదాపు గంటన్నరగా నేను రెండు వేళ్ళు తప్ప మరేమీ చూడలేదు. ఎవరు కొట్టారో, స్కోరెంతో నాకు తెలియదు. బంతి ఆ వైపు వచ్చినప్పుడల్లా నా చిటికెన వేలు నేనే ముడుచుకుంటున్నాను.

ఉన్నట్టుండి బంతి ఎక్కడో వెనక నుంచి తలకంటే ఎత్తుగా వచ్చింది. సత్తిబాబు దాని కిందికి వెళ్ళి, రెండు చేతులూ ఎత్తి, పది వేళ్ళూ విప్పాడు. ఎంత హాయిగా లేపాడో. నేను ఒక్క ఉదుటున లేచి నిలబడి, “వేళ్ళు!” అని అరిచాను.

మా ఊరివాడు ఎగిరి కొట్టిన బంతి అవతల నేలకి తాకడం, విజిలు మోగడం ఒక్కసారే జరిగాయి. జనం కోర్టులోకి దూకారు. సత్తిబాబుని భుజాల మీదికి ఎత్తారు. తర్వాత విజిలు ఎందుకు మోగిందో తెలిసి, దింపారు.

అప్పటికి స్కోరు మాకు పద్నాలుగు, వాళ్ళకి పదమూడు. పదిహేనుకి ఆట, గెలవాలంటే రెండు పాయింట్ల తేడా ఉండాలి. ఆ ఒక్క బంతితో అయిపోయేది.

లంక ఊరి కెప్టెను కూడా ఆ వేళ్ళు చూడలేదట, తర్వాత అతనే చెప్పాడు. చూసింది నేనొక్కదాన్నే. పావుగంట గొడవ జరిగింది. మా వీర్రాజు నా ముందుకొచ్చి నిలబడి, “తగిలిందాండీ? నిజంగా తగిలిందాండీ?” అని అడిగాడు. తగిలిందన్నాను. “అరవాలాండీ?” అన్నాడు. ఏడాదిన్నరలో అతను నాకు ఎదురు ప్రశ్న వేయడం అదే మొదటిసారి.

దేవదానం మాస్టారు మాత్రం గొడవలోకి రాలేదు. సత్తిబాబు చెయ్యి చూసి, అతన్ని బయటికి పంపి, రాంబాబుని దింపారు. బంతి మళ్ళీ ఆడారు. రాంబాబు ఏ లోటూ లేకుండా లేపాడు. కొట్టేవాడు నెట్టుకి కొట్టాడు. సర్వీసు అవతలికి పోయింది, వరసగా మూడు పాయింట్లు పోయాయి, మేం ఓడిపోయాం. లంక ఊరి డప్పులు గోదావరి దాటేదాకా వినిపించాయి.

ఆ రాత్రికి సత్తిబాబు వేలు బొటనవేలంత వాచింది. మళ్ళీ ఎక్స్-రే, మళ్ళీ కట్టు. కొంచెం వంకరగా అతికింది కానీ కుట్టుపనికి అడ్డం రాలేదు. మూడు పెళ్ళిళ్ళు పాత జాకెట్లతో జరిగాయి.

సోమవారం పొద్దున్న శాస్త్రిగారు బీపీకి వచ్చారు. నూట నలభై. అంత తక్కువ ఎప్పుడూ చూడలేదు. ఆయనా వీర్రాజూ ఎంతో మర్యాదగా మాట్లాడుకుంటున్నారు. సత్తిబాబుని ఆడించడం తప్పా ఒప్పా అన్న ప్రశ్న ఇద్దరిలో ఎవరికీ లేదు. డాక్టరుగారు నోరు మూసుకుని కూర్చుంటే గెలిచేవాళ్ళమన్నది ఇద్దరికీ సమ్మతమే. అయితే ఆ సంగతి నా ఎదురుగా అనలేదు, గోదావరి మర్యాద.

బస్సు వేళకి దేవదానం మాస్టారు చెప్పి వెళ్ళడానికి ఆసుపత్రికి వచ్చారు. జరిగినదానికి బాధపడుతున్నానన్నాను.

“తమరలా అనుకోకండి. నాకు చాలా సాయం చేసేరండీ,” అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయన వరండాలోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పారు. “రాంబాబు బాగానే ఆడతాడని నాకూ తెలుసండి. కానీ వాడితో ఓడేమనుకోండి, వచ్చే ఏడు నేనుండను. ప్రెసిడెంటుగారి మేనల్లుడు కాబట్టి దింపేరు, అందుకే ఓడేం అని వాణ్ణి జన్మలో బంతి ముట్టుకోనివ్వరు. సత్తిబాబు ఓడిస్తే ఏమీ అనరండి. తొమ్మిదేళ్ళు గెలిపించేడు, పైగా విరిగిన వేలు. అందుకని సత్తిబాబు.”

“మరి చివర్లో రాంబాబుని ఎందుకు దింపారు?” అని అడిగాను.

“తమరు అరిచేరు కదండీ,” అన్నారు మాస్టారు చాలా మామూలుగా. “ఇంకప్పుడు ఓడినా అది వాడి మీదికి రాదండి. ఆయ్.”

నమస్కారం పెట్టి, ట్రంకు పెట్టె ఎత్తుకుని వెళ్ళారు. ఆ పై ఏడు రాంబాబే లిఫ్టరు.

నేను ఆ తర్వాత మరో పాతికేళ్ళకు పైగా ప్రభుత్వ సర్వీసులో ఉన్నాను. కానిస్టేబుళ్ళకీ, కండక్టర్లకీ, టీచర్లకీ, పడవ సరంగులకీ ఎన్నో ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు రాశాను. ఒక్కదాంట్లోనూ షరతు పెట్టలేదు. పనికి తగును, లేదా తగడు, అంతవరకే రాశాను. నా కింద పనిచేసిన కుర్ర డాక్టర్లకీ అదే చెప్పాను. సర్టిఫికెట్లో షరతు రాస్తే దాన్ని కనిపెట్టి చూడటానికి ఒక మనిషి కావాలి, ఆ కుర్చీ తెచ్చి వేసేది రాసినవాళ్ళకే.