టెంపరరీ షెడ్డులో పన్నెండేళ్లు

నూలు మిల్లులో చేరేనాటికి అనసూర్యకు తెలిసిన ఇంగ్లీషు మాటలు బస్సు, టికెట్, డాక్టర్. నాలుగో మాటను 1976 శ్రావణంలో టైంకీపర్ దామోదర్‌రావు నేర్పాడు. "ఇప్పుడైతే టెంపరరీ. మంచిగ చేస్తే పర్మినెంట్," అన్నాడు. ఐదో మాట కూడా ఆ నోటి నుంచే వచ్చింది గాని, దాని ఫలం మాత్రం చేతికి రాలేదు.

కరీంనగర్ నుంచి గంట ప్రయాణం దూరాన ఉన్న ఆ నేతపని ఊళ్లో ఆ మాట త్వరగానే ఇళ్లలోకి పాకింది. మూడు రాళ్లు పేర్చి వెలిగించిన పొయ్యి టెంపరరీ. తెగిన చెప్పుకు గుచ్చిన పిన్నీసు టెంపరరీ. అత్తగారింట్లో మకాం వేసిన అల్లుడూ టెంపరరీయే. ఎక్కడ పలికినా, కొద్దిరోజుల్లో సరిచేస్తామన్న పూచీ ఆ మాట వెంట ఉండేది. పొయ్యి మారేది, చెప్పు కుట్టించేవారు, అల్లుడు బస్సెక్కేవాడు. పూచీ నిలుపుకోనిది మిల్లు ఒక్కటే.

వరుసగా ఎనిమిది నెలలు చేస్తే పర్మినెంట్ అడిగే హక్కు వస్తుందని, నూలును చిలపలుగా చుట్టే ఆడవాళ్లను అవి నిండకముందే మిల్లు ఒక వారం ఇంట్లో కూర్చోబెట్టేది. తర్వాత కొత్త చీటీ, కొత్త పేరు. "అదే పేరైతే పైనోళ్లు ఒప్పుకోరు. ఇంట్ల ఇంకో ఆడామె పేరు చెప్పు," అనేవాడు దామోదర్‌రావు. అనసూర్య తన ఆడబిడ్డ బాలలక్ష్మి పేరు చెప్పింది. ఆ తర్వాతి చీటీలో మళ్లీ అనసూర్య. అందరూ అలాగే చేశారు. నేతగాళ్ల ఇంట్లో ఒక్క మగ్గానికి నలుగురు చేయి సాయం చేస్తారు. చీర ఎవరి పేరున నేసిందని ఎవరూ అడగరు. మిల్లు కూడా అలాగే చూస్తుందని నమ్మడమే వాళ్లు చేసిన తప్పు.

పదేళ్లు పనిచేసిన వాళ్లను పర్మినెంట్ చేస్తామని 1988లో గోడకు కాగితం అంటించారు. పర్మినెంట్ అయితే, దగ్గుతో మగ్గం దిగిపోయిన భర్త అంబదాస్‌కు ఆసుపత్రి కార్డు వస్తుంది. అనసూర్య ఆ ఆశతోనే ఆఫీసు మెట్లెక్కింది.

దామోదర్‌రావు రిజిస్టర్ తిప్పాడు. "అనసూర్య ఆరేండ్లు. బాలలక్ష్మి ఆరేండ్లు. ఇద్దరికీ పది నిండలే."

"మా వదినె మిల్లు గేటు సుత చూడలే. ఏంది సారూ, నా కుడిచెయ్యి అనసూర్యది, ఎడమచెయ్యి బాలలక్ష్మిదా?"

"పేరు ఇచ్చింది నువ్వే గదా."

"అడిగింది నువ్వు గాదా?"

అతను రిజిస్టర్ మూసేశాడు.

ఆ ఆదివారం జైనూర్‌లో పంతులుగా పనిచేసే తమ్ముడు దేవదాస్ వచ్చాడు. అతని సంచిలో నిఘంటువు ఉంది. "తమ్మీ, గా మాటకు అసలు అర్థమేందో చూడు," అంది.

"కొంతకాలమే ఉండేది అని రాసిండ్రు అక్కా. పాతకాలం లాటిన్ భాషల ‘కాలం’ అనే అర్థమున్న మాట నుంచి పుట్టిందట."

"కొంతకాలమంటే ఎంత?"

దేవదాస్ పేజీ కింది దాకా వేలు జరిపాడు. "గది రాయలే."

"రాయరు. రాస్తే గీళ్లకు ఎట్ల నడుస్తది?"

అతను నవ్వుతూ ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కాగితం మీద రాసిచ్చాడు. అనసూర్య దాన్ని చాలాసేపు చూసింది. "గీ అక్షరాలు మా రేకుల షెడ్డు గోడ మీద ఉన్నయిరా. పక్కన 1976 అని సుత ఉన్నది."

మరుసటి నెలలో వారం విరామం ముగిసింది. షెడ్డు ముందు దామోదర్‌రావు బాలలక్ష్మి పేరుతో చీటీ అందించాడు. అనసూర్య ఆ పేరు కొట్టేసి, పైన తన పేరు రాసింది. వెనకాల తనతో పాటు చిలపలు చుట్టే కిష్టవ్వ, లింగవ్వ, ఇంకా ఇరవై మంది నిలబడి ఉన్నారు. రాయడం వచ్చిన వాళ్లు తమ పేర్లు రాసుకున్నారు. రాని వాళ్ల పేర్లు అనసూర్యే రాసింది.

"ఏం పనే ఇది?" అని అరిచాడు దామోదర్‌రావు.

"గా గోడ చూడు సారూ. టెంపరరీ షెడ్డు. నేనూ అదీ ఒకే ఏడాది వచ్చినం. పన్నెండేండ్లల్ల దాని పేరు ఎన్నిసార్లు మార్చిన్రు? దాన్ని ఎన్ని వారాలు ఇంటికి తోలిన్రు? రేకులకున్న పాటి మర్యాద మాకు లేదా?"

"ఈ చీటీలు చెల్లయి. పొండి."

ఎవరూ పోలేదు. అందరూ ఆ అక్షరాల కిందే గోడకు ఆనుకుని కూర్చున్నారు. లోపల నిండిన నూలు కండెలు బుట్టల్లో పేరుకుపోతున్నాయి. వాటిని చిలపలు చుట్టే చేతులన్నీ బయటే ఉన్నాయి. మధ్యాహ్నానికి మేనేజరు గదిలో ఫోను రెండుసార్లు మోగింది. దామోదర్‌రావు చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"గిట్ల ఎంతసేపు కూసుంటరు?"

అనసూర్య సద్దిమూట విప్పి, కిష్టవ్వ వైపు రొట్టె జరిపింది.

"టెంపరరీ సారూ," అంది.