ఇటుక బట్టీలో నా హిందీ

రిటైరవడానికి మూడేళ్ల ముందు, చలికాలంలో నన్ను కర్ణాటకలోని చింతామణి నుంచి బాగేపల్లి తాలూకాకు హిరియ, అంటే సీనియర్, ఆరోగ్య సహాయకిగా మార్చారు. పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు చేసే పనిని తనిఖీ చేయడం ఆ పదవిలో పని. అప్పటికి నా సర్వీసు ముప్పై ఏళ్లు దాటింది. ఇక నేర్చుకోవలసింది ఏమీ లేదని నా గట్టి నమ్మకం.

మొదటి వారమే ఒక ఇటుక బట్టీకి వెళ్ళాను. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ రేకుల గుడిసెల్లో ఉండేవి. వెంట అంగన్‌వాడీ ఆయా నారాయణమ్మ వచ్చింది. సబిత అనే ఆమె ఏడాది కొడుకు జబ్బకు టేపు చుట్టి చూస్తే కొలత ఎరుపు రంగులో పడింది. ఎరుపు అంటే బిడ్డ ప్రాణానికే ముప్పు. అలాంటి బిడ్డను తల్లితో సహా చిక్కబళ్ళాపురంలోని పోషకాహార కేంద్రంలో రెండు వారాలు చేర్చాలి.

టీవీ సీరియళ్ళు చూసి నేర్చుకున్న హిందీలో పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. సబిత తల అడ్డంగా ఊపి, బయటికి చేయి చూపింది. నన్ను పొమ్మంటున్నదనుకున్నాను. రిజిస్టరు తెరిచి, నిరాకరణకు కారణం అన్న గడిలో 'తల్లికి అవగాహన లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసి, జీపు వైపు నడిచాను.

"కొంచెం ఉండమ్మా," అంది నారాయణమ్మ. "ఆ యమ్మ మిమ్మల్ని పొమ్మనలేదు. బయట ఉండే పాపను చూపిస్తాండాది."

మట్టి గుంత అంచున నాలుగేళ్ల పిల్ల కూర్చుని ఉంది. తండ్రి పొద్దుగూకేదాకా ఇటుకలు కోస్తాడు. తల్లి ఆసుపత్రికి వెళితే ఆ పిల్లను చూసే దిక్కు లేదు.

నారాయణమ్మకు హిందీ కూడా రాదు. పాపను చంకనెత్తుకుని, తన ఊరి వైపు చూపి, నిద్రపోతున్నట్టు తల వాల్చింది. సబిత ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. భర్తను పిలిచి మాట్లాడింది. తర్వాత బట్టలు మూట కట్టుకుంది.

మీ ఇంట్లో ఏమీ అనరా అని నారాయణమ్మను అడిగాను.

"నలుగురికి వండేది అయిదుగురికి వండతాను. దాంట్లో ఏముండాదమ్మా?"

కేంద్రంలో చేరాక మూడు రోజులు బిడ్డకు జ్వరం తగ్గలేదు. డాక్టరు ఏ మాటా ఇవ్వలేదు. అయిదో రోజు పాలు తాగడం మొదలుపెట్టాడు. ఇక్కడ నారాయణమ్మ రోజూ సాయంత్రం పాపను బట్టీకి తీసుకుపోయి తండ్రికి చూపించి తెచ్చేది. రెండు వారాలకు తల్లీకొడుకులు తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల తెలుగులో అన్నం అడుగుతున్నది.

ఇందులో నా వంతు ఆంబులెన్సుకు ఫోన్ చేయడం. తాలూకా సమావేశంలో అధికారి నన్నే మెచ్చుకున్నారు. నేను వినయంగా తల వంచుకున్నాను. నారాయణమ్మ పేరు చెప్పే ధైర్యం మరుసటి నెల సమావేశానికి గానీ రాలేదు.

ఆ తర్వాత ఏ తల్లయినా ఆసుపత్రికి రానంటే, ఇంట్లో మిగిలేవాళ్ళను ఎవరు చూసుకుంటారని ముందు అడిగేదాన్ని. ఎవరూ లేకపోతే అలా చూసుకునే మనిషిని వెతకడం కూడా నా ఉద్యోగమే. నియామక పత్రంలో ఆ సంగతి రాసి ఉండదు.