తాడు అవతలి కొసన మా మామ

మా మామ పోయాడన్న కబురు అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను మా రిహార్సల్ హాల్లో కొత్తగా చేరిన ఒక అమ్మాయికి నడుము పట్టీ బిగిస్తున్నాను. "తమ్ముడు పోయినాడే" అని ఒక్క మాట అంది అమ్మ. ఆమె వెనకాల, మామ ఇంటి దగ్గరి కాడుగోడి స్టేషన్లో రైలు కదిలిన చప్పుడు వినిపించింది. బిగించిన పట్టీని విప్పేసి, ఆ అమ్మాయిని ఇంటికి పొమ్మన్నాను. పట్టీ సరిగానే ఉంది. నా చేతుల మీదే నాకు నమ్మకం పోయింది.

మామ అంటే అమ్మకు తమ్ముడు. ప్రభుత్వ ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసిన మనిషి. నాట్యంలో ఆయనకు ఓనమాలు తెలియవు. అయినా ఇన్నేళ్లలో నేను గాలిలో ఆడిన ప్రతి ఆటలోనూ సగం ఆయనదే. ఆ సగం తెర వెనుక ఉండేది కాబట్టి ఎవరూ చూడలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

తొంభైల చివర్లో మహదేవపురలో మూతపడిన ఒక గోదాములో మా నాట్యబృందం మొదలైంది. నేల మీద కాకుండా తాళ్లకు వేలాడుతూ, గాలిలో తేలుతూ కథలు ఆడే బృందం. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. అందులో చేరతానని ఇంట్లో చెప్పిన రోజున అమ్మ పొయ్యి ఆర్పేసి వచ్చి మరీ తిట్టింది. "తాడు, దూలం, ఆడబిడ్డ. ఈ మూడు మాటలూ ఒక్క నోట ఎట్ల వచ్చినాయే నీకు?" అంది. ఆమె తప్పేం లేదు. మన ఇళ్లలో ఆ మూడూ కలిసి వచ్చే కబురు ఒక్కటే. తాడో పేడో తేల్చుకుందామని నేను అన్నం మానేశాను.

అప్పుడు మామ మధ్యలో దూరాడు. "అక్కా, నేను పోయి కూర్చుంటా. తాడు గట్టిదా, మనుషులు మంచోళ్లా, రెండూ చూసుకుంటా" అన్నాడు. అమ్మ ఒప్పుకుంది గానీ మెలిక పెట్టింది. ఆయన వస్తేనే నేను వెళ్లాలి, ఆయన రాని రోజు నాకు నాట్యం లేదు. అలా మామ తన షిఫ్టు ముగించుకుని నేరుగా గోదాముకు వచ్చేవాడు. మూలన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, దాని పైనుంచి దూలం వైపు అనుమానంగా చూస్తూ కూర్చునేవాడు.

మా పద్ధతి చెప్పాలి. పైన ఇనుప దూలానికి కప్పీ ఉంటుంది. దాని మీదుగా తాడు. ఒక కొస ఆడే మనిషి నడుముకు, రెండో కొస తెర వెనుక ఎత్తయిన అరుగు మీద నిలబడిన ఇంకో మనిషి నడుముకు. ఇద్దరి బరువూ సరితూగాలి. అవతలి మనిషి మోకాళ్లు వంచి మెల్లగా కిందికి దిగితే, ఇవతలి మనిషి పైకి లేస్తుంది. బావి గిలకకు రెండు బొక్కెనలు కట్టినట్టన్నమాట. నాకు తూకంగా నిలబడే అబ్బాయి కాల్ సెంటర్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ఇసుక మూట కట్టి చూశారు. మూటకు నేనెప్పుడు ఊపిరి పీలుస్తానో ఏం తెలుస్తుంది?

బృందాన్ని నడిపే మా మేడం చూపు పేపరు చదువుతున్న మామ మీద పడింది. "సార్, మీ బరువెంత?" అని కన్నడంలో అడిగింది.

"మా ఇంట్లో నా మాటకు బరువు లేదు గానీ మేడం, నాకైతే ఉండాది" అన్నాడు మామ.

అలా కాపలాకు వచ్చిన మనిషి తాడుకు కట్టుబడ్డాడు. పక్కనే పాత ఇనుము కొనే గుజరీ అంగడి ఉండేది. అక్కడి తక్కెడ మీద వారానికొకసారి ఇద్దరం తూగేవాళ్లం. నేను పరీక్షల బెంగతో చిక్కిపోతే ఆయన రాత్రి సంగటి ముద్ద తగ్గించేవాడు. పెళ్లిళ్ల భోజనాలు తిని నేను బరువెక్కితే ఆయన ఇంకో ముద్ద వేయించుకునేవాడు. "చిక్కినా చెప్పు, బలిసినా చెప్పు. నాకాడ సిగ్గుపడితే తాడుకాడ పడతావు" అనేవాడు. ఆయుధపూజ నాడు కప్పీకీ, తాళ్లకూ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ఆ గుజరీ అంగడికి పోయి తక్కెడకు కూడా బొట్టు పెట్టి వచ్చేవాడు.

ఆట ముగిశాక ఆయన అడిగేది ఒకటే, కాఫీ. "పైకి పోయేవాళ్లకు చప్పట్లు, కిందికి దిగేవాళ్లకు కాఫీ" అనేది ఆయన మాట. ఒకసారి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వార్షికోత్సవంలో ఆడాం. ఆట అయ్యాక అక్కడి ఇంజినీరు ఒకాయన తెర వెనక్కి వచ్చి, నన్ను అంత మెత్తగా లేపిన మోటారు ఏ కంపెనీదో చూస్తానన్నాడు. మేడం మామను చూపించింది. "ఈ మోటారుకు కాఫీ పోస్తే చాలప్పా" అన్నాడు మామ, గ్లాసు పైకెత్తి.

నాకు పెళ్లయింది. మా ఆయన అభ్యంతరం చెప్పలేదు, నేను ఆడుతూనే ఉన్నాను. ఒకరోజు రిహార్సల్ మధ్యలో మామ తాడు కట్టేసి, ఈ పొద్దుకు చాలన్నాడు. ఒంట్లో బాగాలేదా అని అడిగాను. "నాకు బాగానే ఉండాది" అన్నాడు. నేనెంత గింజుకున్నా ఆయన మళ్లీ అరుగెక్కలేదు. నాకు కోపం వచ్చింది. ఇంటికి పోయాక అమ్మను పక్కకు పిలిచి చెప్పాడట: "అక్కా, ఎప్పుడూ కాళ్లు విదిలించి దూకే పిల్ల. వారం నుంచి నిండు బిందె దించినట్ల దిగుతాండాది. ఒకసారి డాక్టరమ్మకు చూపించు." నేను వట్టిమనిషిని కానని నాకంటే ముందు తాడు అవతలి మనిషికి తెలిసింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గూ, నవ్వూ, ఏడుపూ కలిసి వస్తాయి.

కూతురు పుట్టింది. నా ఒళ్లు మారిపోయింది. ఇక నా ఆట ముగిసిందని నేనే తీర్మానించుకుని, పట్టీని అటక మీద పెట్టేశాను. మామ ప్రతి ఆదివారం పిల్లను చూడటానికి వచ్చేవాడు. ముందు పిల్లను చూసేవాడు, తర్వాత నన్ను ఎగాదిగా చూసేవాడు. "నీ తమ్ముడికి కడుపా, కొలిమా?" అని అమ్మను ఆటపట్టించేవాళ్లం, అంత తినేవాడు ఆ రోజుల్లో. చొక్కా గుండీలు తెగుతుంటే అత్త కుడుతూ తిట్టేది. ఎందుకో మాకెవరికీ తోచలేదు.

పిల్ల నడక నేర్చాక, ఒక రోజు ఆయనే అటక మీది పట్టీ దించి, నన్ను గోదాముకు తీసుకుపోయాడు. పట్టీ నడుముకు సరిపోక చివరి కన్నానికి వచ్చింది. "నేను లేవను మామా" అన్నాను.

"లేచేది నీ పని కాదు పాపా. దిగేది నా పని. నువ్వు సుమ్నే, ఊరికే ఉండు" అని తెర వెనక్కి వెళ్లాడు.

తాడు బిగుసుకుంది. అవతల ఆయన మోకాళ్లు వంగడం నా నడుముకు తెలిసింది. నా పాదాలు నేలను వదిలాయి, ఇదివరకటంత మెత్తగా. అప్పుడు అర్థమైంది, ఆ తిండంతా దేనికి తిన్నాడో. పైన దూలం దగ్గర నేను బావురుమన్నాను. "ఏమైంది పాపా, నొప్పా?" అని కింద నుంచి కేకేశాడు. నొప్పి కాదు మామా. నన్ను వదిలిపెట్టకుండా నాతోపాటు బరువెక్కిన మనిషి ఒకడున్నాడని తెలిస్తే వచ్చే ఏడుపు అది. ఆ తర్వాత మరెన్నో ఏళ్లు ఆడాను. ఈ రోజు నలుగురికి నేర్పుతున్నానంటే ఆ సాయంత్రం వల్లే.

పోయిన ఏడాది ఆయనకు కడుపులో జబ్బు వచ్చింది. కూడబెట్టిన బరువంతా కరిగిపోయింది. చివరిసారి చూడబోయినప్పుడు ఫ్లాస్కులో కాఫీ పట్టుకుపోయాను. చంకల కింద చేతులు వేసి లేపి కూర్చోబెడితే ఏమీ బరువు లేడు. నా మొహం చూసి ఆయనకే తెలిసిపోయింది. "తూకం తప్పింది కదూ" అని నవ్వాడు. గ్లాసు అందిస్తే తీసుకోలేదు, నా వైపే తోశాడు.

"ఈసారి కాఫీ నీకు పాపా."

నేను తాగేదాకా చూస్తూ కూర్చున్నాడు.

కాడుగోడిలో మామ ఇంటి ముందు ఇరుకు సందులో పాడె కట్టారు. ఆడవాళ్లం అరుగు మీద నిలబడ్డాం. ఎదిగిన నా కూతురు నా చేయి పట్టుకుని ఉంది. నలుగురూ వంగి, ఒక్కసారిగా మామను భుజాలకెత్తుకున్నారు. ఆయన పైకి లేస్తుంటే, నేను వంచకుండానే, నా మోకాళ్లు మెల్లగా వంగాయి.