నాపరాళ్ల గనిలో బేదుల పొడి

నన్ను ఐదో తరగతిలో బడి మాన్పించినప్పుడు అయ్యవారు మా నాయనకు ధైర్యం చెప్పాడు. "వీన్ని యాడన్నా ఎండలో పనికి పెట్టప్పా. తలకాయకు ఏమీ కాదు. కరిగేదానికి లోపల ఏమన్నా ఉంటే గదా." ఆయన మాట తప్పని తేలడానికి ముప్పై ఏండ్లు పట్టింది. తేల్చింది ఎర్రగుంట్ల దగ్గరి ఒక నాపరాళ్ల గని.

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన ఎండలు మా పెద్దవాళ్లు కూడా చూసినవి కావు. గనిలో పైన సూర్యుడు, కింద కాలే రాయి, మధ్యలో మేము పెనం మీది రొట్టెల మాదిరి ఉండేవాళ్లం. తలగుడ్డ మడతలో ఒక ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, దోపుకుంటే వడదెబ్బ తగలదని మా నమ్మకం. సాయంత్రం దాన్నే సంగటిలోకి కొరుక్కునేవాళ్లం కాబట్టి ఆ నమ్మకంతో నష్టం కూడా లేదు.

ఒక వేసవి మొదట్లో సర్కారు నుంచి కాగితం వచ్చింది. మేస్త్రీ చదివి వినిపించాడు. తెల్లవారుజామునే పని మొదలుపెట్టాలి, పదకొండు దాటితే ఆపాలి, మళ్లీ మూడు దాకా గనిలోకి దిగకూడదు. ఆ వెంటనే మా ఊరి నర్సమ్మ సంచి నిండా ఓఆర్‌ఎస్ పొట్లాలు తెచ్చింది. మాకు తెలిసినంతవరకు అది బేదుల పొడి. పిల్లలకు విరేచనాలైతే ఇంట్లో ఇచ్చేది అదే. పదిమంది మగవాళ్ల ముందర దాన్ని తాగడమంటే కడుపు చెడిందని దండోరా వేసుకోవడమే.

"పొద్దున్నే ఒక పొట్లం లీటరు నీళ్లలో కలుపుకోండి. దప్పిక గాకముందే కొంచెం కొంచెం తాగుతాండాల," అని ఆమె చెబుతోంది.

నేను ఊరుకుంటానా? "నర్సమ్మా, మా కడుపులు బాగానే ఉండాయి. చెంబు పట్టుకోని గట్టు దాటేవాడు ఈడ ఎవడూ లేడు. ఎవడన్నా ఉంటే చెప్పండప్పా, పొట్లం ఇప్పిస్తా."

గని మొత్తం నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు మా బామ్మర్ది. ఆమె మాత్రం నవ్వలేదు. "ఎండలు మునుపటి మాదిరి లేవన్నా. మన అలవాట్లే మునుపటి మాదిరి ఉండాయి," అని పొట్లాలు నీళ్లకుండ పక్కన పెట్టి వెళ్లిపోయింది. నా మాట పుణ్యమా అని ఒక్కడూ వాటిని ముట్టలేదు.

వారం తర్వాత ఒకరోజు పదకొండు దాటగానే అందరూ పైకెక్కి గట్టు మీది కానుగ చెట్టు కిందికి చేరారు. సగం లేపిన పలకను వదలబుద్ధి కాక నేను మాత్రం గనిలోనే ఉండిపోయాను. ఆ తర్వాతిది మా బామ్మర్ది చెప్పిన కథ. గడ్డపార పారేసి, ఆ పలక పక్కన కూర్చొని, దాన్ని నిమురుతూ బతిమాలానట. "లెయ్యి అత్తా. సంగటి సల్లారిపోతాండాది, లెయ్యి."

"మాయమ్మను రాయిని చేసినాడు చూడండప్పా," అని వాడు పొట్ట పట్టుకుని నవ్వాడట. మిగతావాళ్లు ఇంకోసారి అనమని పైనుంచి కేకలు వేశారట. నేను అంటూనే ఉన్నానట.

ఎండ ముదిరిన వేళలో నర్సులు గనులకు వచ్చి చూసిపోవాలని కూడా ఆ కాగితంలో ఉందట. అందుకే ఆమె అప్పుడు వచ్చింది. గట్టు మీద నిలబడి ఒక్క క్షణం నా మాటలు విని, గబగబా కిందికి దిగి నా మెడ మీద చెయ్యి పెట్టింది.

"ఇది ఎగతాళి గాదు. ఒళ్లు కాలిపోతాండాది, చెమట సుక్క లేదు. మోయండి."

నీడలో పడుకోబెట్టి, కుండ నీళ్లన్నీ నా మీద కుమ్మరించి, తడి గోనెసంచి కప్పి, తువ్వాళ్లతో విసరమంది. మా బామ్మర్ది ఏడుస్తూ ఎర్రగడ్డ చితగ్గొట్టి ఆ రసం నా నోట్లో పిండబోయాడట.

"తెలివి లేని మనిషి నోట్లో ఏమీ పొయ్యొద్దప్పా, పొలమారుతాది. నువ్వు విసురు."

మేస్త్రీ జీపులో ఆసుపత్రికి చేరేదాకా నా మీద నీళ్లు చల్లుతూనే ఉన్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాణ్ని కాదని డాక్టరు చెప్పాడు.

గనివాళ్ల మీద నాకు కోపం లేదు. ముప్పై ఏండ్లు నేనే నవ్వడం నేర్పాను, ఆపడం నేర్పలేదు. ఇక ఆ కాగితం ఎవరు రాశారో నాకు తెలియదు. ఫ్యాను కింద కూర్చొని రాసినా సరే, వాళ్ల చెయ్యి చల్లగుండాలి.

మళ్లీ పనికి వెళ్లిన రోజు అందరి ముందర నేనే పొట్లం చింపి, కలిపి, ముందుగా తాగాను. తర్వాత గ్లాసు మా బామ్మర్దికి ఇచ్చాను. వాడు మారుమాట లేకుండా తాగాడు. వాడి తర్వాత అందరూ తాగారు.

ఆ వారంలోనే నర్సమ్మ వచ్చింది. ఎదురెళ్లి, చేతులు జోడించి, నా జన్మలో మొదటిసారి ఎకసెక్కం లేకుండా ఒక మాట చెప్పాను. "అందరూ నవ్వినా నువ్వొక్కదానివే నవ్వలేదు తల్లీ. అందుకే బతికినా."

ఆమె సంచి దించుతూ అంది: "నీ మాటలకు నేను యా పొద్దు నవ్వినానన్నా, ఆ పొద్దు నవ్వేదానికి?"