కొల్లేరు మా నూతిలోకి వచ్చిన ఏడు

మా చిన్నప్పుడు... ఆకివీడు అవతల కొల్లేటి లంకలో ఉండేవాళ్ళం. ఆ ఏడు కొల్లేరు పొంగి మా దొడ్లోకి వచ్చేసింది. నూతి ఒర మునిగిపోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అరుగు మీద కూర్చుని చూస్తుంటే... పశువుల కొట్టం, అందరం చెంబు పట్టుకుని వెళ్ళే తుప్పలు, నుయ్యి... అన్నీ ఒకటే నీళ్ళు.

వారానికి వరద తీసింది. బురద నీళ్ళు నాలుగు రోజులు తోడి పోశారు. ఆ తర్వాత చేద వేస్తే తేట నీళ్ళు వచ్చాయి. మా నాయనమ్మ దోసిట పట్టి తాగి, "మన నుయ్యి మళ్ళీ కొబ్బరినీళ్ళే" అని మురిసిపోయింది. చుట్టుపక్కల నూతులన్నీ ఉప్పన. పది ఇళ్ళవాళ్ళు మా దగ్గరే తోడుకునేవారు. ఎవరినీ వద్దనకపోవడం ఆవిడకి గొప్ప.

ముందు పక్కింటి వెంకాయమ్మత్త పడింది. పొద్దున్న మా నూతి దగ్గర నా జడ సవరించి, బిందె చంకనెత్తుకుని వెళ్ళిన మనిషి... వాంతులు, విరేచనాలు. సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయాయి. మర్నాటికి లేదు.

తర్వాత ఇంకో ఇల్లు... ఇంకోటి... అందరూ మా నీళ్ళు తాగినవాళ్ళే. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. కలరా అని కూడా అనేవారు కాదు, పేరు పలికితే ఇంట్లోకి వస్తుందని. నేను మాత్రం నీళ్ళు నోట్లో పోసుకుని, గోడ వెనక్కి వెళ్ళి ఉమ్మేసేదాన్ని.

మూడో రోజు నాలుగేళ్ళ మా తమ్ముడు పడ్డాడు.

ఆ పొద్దున్నే ఏలూరు నుంచి శానిటరీ ఇన్‌స్పెక్టరు దోనెలో వచ్చాడు. నూతుల్లో కలపడానికి ఎర్రమందు తెచ్చాడు. నాయనమ్మ అడ్డంగా నిలబడింది.

"మా నూతిలో విషం కలుపుతారా ఏవండీ? పదిమందీ తాగే నీళ్ళండీ ఇవి!"

"పదిమందీ తాగుతున్నారనేనండీ నా భయం. దొడ్లో మురికంతా వరదతో ఇందులోకి దిగిపోయిందండీ. కంటికి కనపడదు."

అత్తగారి ముందు ఏనాడూ గొంతెత్తని మా అమ్మ లోపల్నుంచి వచ్చింది. చీరంతా తమ్ముడి వాంతి. "అత్తయ్యగారూ, కాస్త తప్పుకోండి" అంది. మందు కలిపిన చేద ఆయన చేతిలోంచి అందుకుని తనే నూతిలోకి దింపింది. నీళ్ళు నేరేడుపండు రంగుకి తిరిగాయి. నాయనమ్మ చప్టా మీద కూలబడిపోయింది.

ఆయన చెప్పినట్టే అమ్మ నీళ్ళు మరగకాచి, ఉప్పేసిన గంజి చెంచాతో తమ్ముడి నోట్లో పోస్తూ కూర్చుంది. వాడి పాదాలు నా ఒళ్ళో ఉన్నాయి... మంచులా చల్లగా. ఊపిరి ఆడుతోందా లేదా అని వాడి పొట్టే చూస్తుండేదాన్ని. రెండో రోజు వాడు ఉచ్చ పోశాడు... అది పడితే ఇక గండం గడిచినట్టేనని ఇన్‌స్పెక్టరు చెప్పి వెళ్ళాడు. అప్పుడు ఏడ్చింది అమ్మ.

వాడు లేచి తిరుగుతున్నాక నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని వెంకాయమ్మత్త ఇంటికి వెళ్ళింది. అత్త భర్త సూరయ్య మామ వల బాగుచేసుకుంటున్నాడు. నాయనమ్మ గుమ్మంలోనే నిలబడి, "సూరయ్యా... మా నీళ్ళే నాయనా..." అని ఆగిపోయింది.

ఆయన తలెత్తలేదు. వల ముడి బిగిస్తూనే, "మంచినీళ్ళనుకునే ఇచ్చారండీ మీరు" అన్నాడు.

నాకిప్పుడు తొంభై దాటాయి. నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది. మునిమనవడు ఫిల్టరు తిప్పుకుని గటగటా తాగేస్తాడు. నీళ్ళంటే భయపడ్డామంటే నవ్వుతాడు. నవ్వనీ... ఆ నవ్వు ప్రతి ఇంటికీ ఇంకా రాలేదు కదా.

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు నూతి నీళ్ళ గురించి ఏం చెప్పేవారు? ఒక్కసారి అడిగి రాయండి... నేను చదివించుకుంటాను.