వెయ్యో పాయింటుకు పూలవాన

ఆ వయసులో మనిషికి రెండు జబ్బులుంటాయి. తనకు అన్నీ తెలుసనుకోవడం ఒకటి, తను లేకపోతే లోకంలో పని జరగదనుకోవడం ఇంకొకటి. చింతామణిలో డిగ్రీ చదివేటప్పుడు నాకు రెండూ బాగా ముదిరి ఉండేవి. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో పేరుకు నేనూ ఉన్నాను. మూడేళ్ళలో వేసినవి పద్నాలుగు పాయింట్లు (పొరపాటున మా బుట్టలో నేనే వేసిన రెండింటిని ఆటలు నేర్పే పీడీ మేష్ట్రు నా పేరున ఒప్పుకోలేదు, లేకుంటే పదహారు). చివరికి ఆయన విసిగిపోయి, బంతి లాక్కుని పెన్ను చేతికిచ్చి, స్కోరు పుస్తకం ముందు కూర్చోబెట్టారు. "నువ్వు ఆడకుండా ఉండేదే జట్టుకు చేసే సహాయమప్పా" అన్నారు.

ఆ పుస్తకంలో నేను ఎక్కువగా రాసింది ఒకే ఒక్కడి పేరు. మేమంతా వాణ్ణి గడ అని పిలిచేవాళ్ళం, అంత పొడుగు. బాగేపల్లి దగ్గర పల్లె వాడిది. తండ్రి లేడు, తల్లి టమాటా తోటల్లో కూలికి పోయేది. బెంగళూరులో ఒక కంపెనీ జట్టువాళ్ళు వాడి ఆట చూసి, డిగ్రీ అయ్యేలోపల వెయ్యి పాయింట్లు, అయిదువందల రీబౌండ్లు పూర్తి చేస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. రీబౌండంటే, గురి తప్పి రింగుకు తగిలి వెనక్కొచ్చే బంతిని ఎగిరి పట్టుకోవడం. చిక్కబళ్ళాపురంలో ఆఖరి మ్యాచి నాటికి వాడికి పదకొండు పాయింట్లు, తొమ్మిది రీబౌండ్లు తక్కువ. బస్సులో ఆ రెండు అంకెల్నీ అరచేతిలో రాసుకుని కూర్చున్నాడు. "ఉద్యోగమొస్తే మాయమ్మను తోటకు పంపీను రా" అన్నాడు. 

మా వైపు ఎవరైనా ఏదైనా సాధిస్తే సన్మానం చెయ్యకుండా ఊరుకోరు. శాలువా, తలకు మైసూరు పేటా, పళ్ళ తట్ట, ఉపన్యాసం, అన్నీ ఉండాలి. వెయ్యో పాయింటు పడగానే ఆట ఆపి అవన్నీ చెయ్యాలని పీడీ మేష్ట్రు నిర్ణయించారు. అవి చాలవని నాకు తోచింది. మా మామకు చిక్కబళ్ళాపురం మార్కెట్లో పూల అంగడి ఉంది. బస్సు దిగగానే వెళ్ళి గంపెడు చామంతులు తెచ్చి, రేకులు తుంచి, వాడిపోకుండా చెంబెడు నీళ్ళు చిలకరించి, తడిగుడ్డ కప్పి స్కోరు బల్ల కింద దాచాను (పూల అంగట్లో పెరిగినవాణ్ణి, పూలను ఎండనివ్వడం నావల్ల కాదు).

మొదటి సగంలోనే వెయ్యో పాయింటు పడింది. ఈల మోగింది, పేటా వచ్చింది, శాలువా వచ్చింది. నేను గంప ఎత్తి వాడి తల మీద గుమ్మరించాను. జనం చప్పట్లు కొట్టారు. గడ సిగ్గుతో నేలకేసి చూస్తూ నవ్వాడు. సన్మానానికి వచ్చిన పెద్దమనిషి కన్నడంలో పావుగంట ఉపన్యాసం ఇచ్చారు. తర్వాత రెఫరీ నన్ను పిలిచి "పూలన్నీ ఎత్తేసినారా?" అని అడిగాడు. నా పుస్తకం దగ్గరికి పోవాలనే తొందర నాది. మధ్యలో ఉన్నవి మాత్రం చీపురుతో తోసేసి, "అంతా అయిపోయింది సార్" అన్నాను. రింగు కింద చూడలేదు.

అప్పటికి వాడి రీబౌండ్లు నాలుగువందల తొంభై ఏడు. ఆట మొదలైన నిమిషానికే అవతలివాడు వేసిన బంతి గురి తప్పింది. గడ అందరికన్నా పైకి ఎగిరి రెండు చేతులతో పట్టుకుని, నా తడి రేకుల మీద దిగాడు. కాలు ఒక దిక్కు, ఒళ్ళు ఒక దిక్కు పోయాయి. మోకాలు పటుక్కుమన్న చప్పుడు బల్ల దాకా వినిపించింది. సిమెంటు మీద పడి కూడా బంతి వదల్లేదు మహానుభావుడు. "రేయ్! తొంభై ఎనిమిది! రాసుకున్న్యావా?" అని అరిచాడు. రాశాను. ఎనిమిది వంకరగా పడింది.

అంకె అక్కడితో ఆగిపోయింది. మోకాట్లో నరం తెగిందని, ఇంక ఎగిరే ఆట మరిచిపొమ్మని డాక్టరు చెప్పాడు. కంపెనీవాళ్ళు మళ్ళీ కబురు చెయ్యలేదు. గడ ఇప్పుడు చింతామణిలో టమాటా మండీలో గుమాస్తా. వాళ్ళమ్మ ఇంకా చాలా ఏళ్ళు తోటకు పోయింది.

మ్యాచి మర్నాడు మధ్యాహ్నం ఆమె ఆసుపత్రికి వచ్చింది. వరండాలో నన్ను చూసి "ఏమప్పా, ఎట్లుండాడు?" అంది. దాచలేకపోయాను. "అమ్మా, ఆ పూలు చల్లింది నేనే. ఎత్తకుండా ఎత్తినానని చెప్పింది కూడా నేనే" అని భోరున ఏడ్చాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె చేతిలోని అన్నం డబ్బీ కింద పెట్టి నా పక్కన కూర్చుంది.

"వాడు పుట్టినప్పట్నుంచి ఎవురూ వాని మింద ఒక పూవు ఏసింది ల్యా నాయనా. నువ్వు ఏస్తివి. నిన్ను ఏమని తిట్టల్ల?" అంది. "నిన్నట్నుంచి ఈడే ఉండావంట కదా, ఏమన్నా తింటివా?" అని డబ్బీ మూత తీసింది. సంగటి, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచిన బస్సారు.

ఏడుస్తూనే తిన్నాను. మధ్యలో "ఇంకొంచెం పొయ్యమ్మా" అని డబ్బీ మూత కూడా చాచాను. ఆనాటి నన్ను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెంటనే సిగ్గేస్తుంది. ఆమె డబ్బీ వంచి పోసింది. అడుగు కనిపించాక గానీ, ఆమె అది తెచ్చింది ఆసుపత్రి లోపల పడుకున్న గడ కోసమని నాకు తట్టలేదు.